స్ట్రోక్ ట్రీట్‌మెంట్‌పై నిపుణుల ఏకాభిప్రాయం ఎలా తయారవుతుంది, ఉత్తరాంధ్రకి అందులో ఏం కావాలి

అనకాపల్లి అవతల ఒక ఊళ్ళో ఒకాయనకి పొద్దున్నే మూతి వంకర పోయి, కుడి చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తోంది అనుకుందాం. 108 వచ్చింది, ఎక్కించారు. ఇప్పుడు ఆ బండి ఎక్కడికి వెళ్ళాలి? దగ్గర్లో సీటీ మెషిన్ ఉన్న ఆసుపత్రికా, లేదా ఎలాగూ చివరికి వైజాగే రాసిస్తారు కాబట్టి నేరుగా ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వైపో, పెద్దాసుపత్రులున్న ఆరిలోవ హెల్త్ సిటీ వైపో వచ్చెయ్యాలా? చూడ్డానికి చిన్న ప్రశ్నే గానీ దీనికి సూటి జవాబు డాక్టర్లు అనుసరించే సిఫారసుల పుస్తకం, అదే గైడ్‌లైన్, ఎంత పెద్దదైనా అందులో దొరకదు, అమెరికాది తెరిచినా యూరప్‌ది తెరిచినా మన రోడ్డు, మన ఆసుపత్రి, మన నైట్ డ్యూటీ వాటిలో ఉండవు కదా. ఇలాంటి చోటే నిపుణుల ఏకాభిప్రాయం అవసరం పడుతుంది. అయితే నలుగురు పెద్ద డాక్టర్లు ఒక హోటల్ హాల్లో మీటింగ్ పెట్టుకుని సాయంత్రానికి ఒక పేపర్ మీద సంతకాలు పెట్టేస్తే అది ఏకాభిప్రాయం అయిపోదు, దానికో పద్ధతి ఉంది, ఆ పద్ధతి తప్పితే ఆ నష్టం వచ్చి పడేది పేషెంట్ మీదే.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా. స్ట్రోక్ అంటే మెదడుకి రక్తం అందడంలో వచ్చే దెబ్బ, మనవాళ్ళు పక్షవాతం అనీ పెరాలసిస్ అనీ అనేది ఎక్కువగా దీన్నే. ఎక్కువ కేసుల్లో రక్తనాళంలో గడ్డ అడ్డం పడుతుంది, మిగతా వాటిలో నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంది, బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, స్కాన్ తీస్తే తప్ప ఏది ఏదో ఎంత సీనియర్ డాక్టరైనా చెప్పలేరు. గడ్డ అడ్డం పడ్డ రకంలో నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని 2006లో ఒక లెక్క కట్టారు, స్ట్రోక్ డాక్టర్లు టైమ్ టైమ్ అని అంతలా మొత్తుకునేది అందుకే. గడ్డని కరిగించే టీపీఏ ఇంజెక్షన్ 3 గంటల లోపు ఇస్తే మూడు నెలలకి వైకల్యం లేకుండా లేదా చాలా తక్కువ వైకల్యంతో బయటపడే అవకాశం కనీసం 30 శాతం పెరుగుతుందని 1995లో అమెరికాలో 624 మందితో చేసిన ఎన్‌ఐఎన్‌డీఎస్ ట్రయల్ చూపించింది, అదే ట్రయల్లో మెదడులో ప్రమాదకరమైన బ్లీడింగ్ మందు పడ్డ వాళ్ళలో 6.4 శాతం, పడని వాళ్ళలో 0.6 శాతం. 2008లో ఎకాస్-3 వచ్చి ఆ టైమ్‌ని 4.5 గంటలకి తీసుకెళ్ళింది. 2015లో ఎంఆర్ క్లీన్‌తో మొదలుపెట్టి అయిదు ట్రయల్స్ వరసగా వచ్చి, పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డని తొడ దగ్గర్నుంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టం పంపి బయటికి లాగేసే థ్రాంబెక్టమీ పనిచేస్తుందని తేల్చాయి, తర్వాత 2018లో డాన్, డిఫ్యూజ్-3 ట్రయల్స్ మెదడులో కాపాడదగ్గ భాగం ఇంకా మిగిలి ఉందని స్కాన్‌లో కనిపించే పేషెంట్లకి 16 నుంచి 24 గంటల దాకా కూడా అది చెయ్యొచ్చని చూపించాయి. డాన్‌లో 206 మందే, అయినా థ్రాంబెక్టమీ చేసిన వాళ్ళలో 49 శాతం తమ పనులు తాము చేసుకునే స్థితికి వస్తే చెయ్యని వాళ్ళలో 13 శాతమే వచ్చారు, అంత తేడా వైద్యంలో తరచుగా కనిపించదు.

ఇంత గట్టి ట్రయల్స్ ఉన్నాక ఇంకా నిపుణుల అభిప్రాయం దేనికి అనిపిస్తుంది. ట్రయల్‌లోకి పేషెంట్లని ఏరి తీసుకుంటారు, అక్కడుంది అసలు విషయం. వయసు ఇంత, బీపీ ఇంత, లక్షణాలు మొదలైన టైమ్ కచ్చితంగా తెలిసి ఉండాలి, రక్తం పల్చబడే మాత్రలు వాడుతూ ఉండకూడదు, ఇలా. క్యాజువాలిటీకి వచ్చే మనిషి అలా ఏరుకుని రాడు. గుండె వాల్వ్ ఆపరేషన్ అయ్యి రోజూ రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నావిడ, ఆఖరి డోస్ ఎప్పుడేసుకుందో తాలూకు వాళ్ళకి తెలీదు. రాత్రి భోంచేసి పడుకున్నాయన తెల్లారి లేచేసరికి కాలు కదల్లేదు, స్ట్రోక్ రాత్రి పదకొండుకి వచ్చిందా తెల్లారగట్ల అయిదుకి వచ్చిందా ఎవరు చెప్తారు. (ఇలా నిద్రలో వచ్చే వాటికి ఎమ్మారై చూసి మందు ఇవ్వొచ్చని 2018లో వేక్-అప్ అనే ట్రయల్ చెప్పింది, కానీ ఆ టైమ్‌లో ఎమ్మారై వెంటనే దొరికే చోటు కావాలి.) మంచం మీద ఉన్న మనిషి బరువు తెలీదు, టీపీఏ డోసేమో కిలోకి 0.9 మి.గ్రా. చొప్పున కట్టాలి, మొత్తం 90 మి.గ్రా. దాటకూడదు, అందులో పదో వంతు ఒకేసారి ఇచ్చి మిగతాది గంటసేపు ఎక్కించాలి, ఇక బరువు అంచనా తప్పితే డోసు తప్పుతుంది. వీటిలో ప్రతిదానికీ ఒక పెద్ద ట్రయల్ చెయ్యడం కుదరదు, కొన్నిటికి చెయ్యడం న్యాయం కూడా కాదు, కానీ డ్యూటీ డాక్టర్ మాత్రం పది నిమిషాల్లో ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

గైడ్‌లైన్ రాసేవాళ్ళు ఈ రెండు రకాల మాటల్నీ విడివిడిగా చూపించాలి, ఇది చాలా ముఖ్యం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళ గైడ్‌లైన్‌లో ప్రతి సిఫారసు పక్కన రెండు గుర్తులుంటాయి, ఒకటి ఆ సిఫారసు ఎంత గట్టిది అని, రెండోది దాని వెనక ఉన్న ఆధారం ఏ స్థాయిది అని, ఆధారాల్లో అట్టడుగు మెట్టు కేవలం నిపుణుల అభిప్రాయం. యూరోపియన్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ ఇంకొంచెం నిజాయితీగా చేస్తుంది, గ్రేడ్ అనే పద్ధతిలో ఆధారాన్ని హై, మోడరేట్, లో, వెరీ లో అని నాలుగు రకాలుగా తూచి, ఆధారం చాలని చోట సిఫారసు అనకుండా విడిగా నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన అని పెట్టి, తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఒప్పుకున్నారు, ఇంత మంది ఒప్పుకోలేదు అని ఓట్లు కూడా అచ్చు వేస్తుంది. చదివే డాక్టర్‌కి ఇది చాలా ఉపయోగం, ఎందుకంటే తొమ్మిదికి తొమ్మిది వచ్చిన మాటకీ తొమ్మిదికి అయిదు వచ్చిన మాటకీ మంచం దగ్గర తీసుకునే ధైర్యంలో తేడా ఉంటుంది. మన దగ్గర చాలా సార్లు ఓట్లు బయటికి రావు, చివరి వాక్యం మాత్రమే వస్తుంది, అది కూడా అందరూ ఒకే మాట మీద ఉన్నట్టే వినిపిస్తుంది.

ఇక తయారీ విషయం. మొదట ప్రశ్న కరెక్ట్‌గా పెట్టాలి, సగం పని అక్కడే. ఎలాంటి పేషెంట్, ఏ ట్రీట్‌మెంట్, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం అనే నాలుగూ ప్రశ్నలో ఉండాలి. "స్ట్రోక్‌లో బీపీ తగ్గించాలా" అనేది ప్రశ్నే కాదు, "గడ్డ వల్ల స్ట్రోక్ వచ్చి, టీపీఏ ఇవ్వని పేషెంట్‌కి, మొదటి 24 గంటల్లో బీపీ 200 ఉంటే మందుతో తగ్గించడం వల్ల మూడు నెలలకి వైకల్యం తగ్గుతుందా" అనేది ప్రశ్న. తర్వాత దాని మీద ఉన్న స్టడీలన్నీ, నచ్చినవే కాకుండా అన్నీ, వెతికి పక్కన పెట్టుకోవాలి. ఆ తర్వాతే ఓటింగ్.

ఓటింగ్‌కి ఎక్కువగా వాడేది డెల్ఫీ పద్ధతి. 1950ల్లో అమెరికాలో రాండ్ కార్పొరేషన్ అనే పరిశోధన సంస్థలో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ అనేవాళ్ళు దీన్ని తయారుచేశారు, అప్పట్లో అది మిలిటరీ అంచనాల కోసం, వైద్యంలోకి తర్వాత వచ్చింది. ఇందులో గొప్పంతా పేర్లు దాచడంలో ఉంది. ప్రతి నిపుణుడికీ వాక్యాలు విడిగా పంపుతారు, ఎవరు ఎంత మార్కు వేశారో మిగతా వాళ్ళకి తెలీదు, మొదటి రౌండ్ అయ్యాక గ్రూప్ మొత్తం ఎటు మొగ్గిందో, ఏయే కారణాలు వచ్చాయో పేర్లు తీసేసి అందరికీ చూపిస్తారు, అది చూసి ఎవరి మార్కు వాళ్ళు మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు, అలా రెండు మూడు రౌండ్లు. మన వైద్య కాలేజీల వాతావరణం తెలిసినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. హెచ్ఓడీ గారు మాట్లాడేశాక అసిస్టెంట్ ప్రొఫెసర్ లేచి "సర్, నాకు అలా అనిపించట్లేదు" అనడం ఎంత కష్టమో, పెద్దాయన రాసిన పుస్తకం చదివి పాసైన మనిషి ఆయన ఎదురుగా చెయ్యెత్తి వ్యతిరేకంగా ఓటెయ్యడం ఎంత జరగని పనో అందరికీ తెలుసు. పేరు లేని ఓటు ఆ బరువు తీసేస్తుంది.

రాండ్ వాళ్ళే తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీతో కలిసి ఇంకో పద్ధతి తెచ్చారు, అందులో 1 నుంచి 9 దాకా మార్కులు. 1 నుంచి 3 అంటే ఈ పని తగదు, 7 నుంచి 9 అంటే తగును, మధ్యలో 4 నుంచి 6 అంటే తేల్చలేం. తొమ్మిది మంది ప్యానెల్‌లో ముగ్గురు కింది మూడు అంకెల్లోనూ ముగ్గురు పై మూడు అంకెల్లోనూ వేస్తే సగటు ఎంత వచ్చినా అది భేదాభిప్రాయమే అని రాయాలి. ఈ చిన్న రూల్ చాలా మేలు చేస్తుంది. 2 వేసిన ముగ్గురినీ 9 వేసిన ముగ్గురినీ కలిపి సగటు తీస్తే 5.5 వస్తుంది, చూస్తే ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేనట్టుంటుంది, నిజానికి అక్కడ గదిలో మూడో వంతు మంది ఇది ప్రమాదం అంటున్నారు.

ఏకాభిప్రాయం అనడానికి ఎంత శాతం కావాలి అనేది కూడా ముందే రాసిపెట్టుకోవాలి, 70 అనో 75 అనో 80 అనో. ఓట్లు వచ్చాక చూసి, 72 వచ్చింది కదా అని 70కి గీత గియ్యడం మోసం కింద లెక్క. పేపర్లు తిరగేస్తే ఈ గీత ఎప్పుడు గీశారో రాయనివి చాలానే కనిపిస్తాయి, అలాంటివి చదివేటప్పుడు జాగ్రత్తగా ఉండటం మంచిది.

ఇప్పుడు మొదటి ప్రశ్ననే ఈ పద్ధతిలో పెడితే ఎలా నడుస్తుందో ఊహించి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి రౌండ్‌లో వాక్యం ఇలా ఉందనుకుందాం: "లక్షణాలు మొదలై 4.5 గంటలు దాటని పేషెంట్‌ని 108 వాళ్ళు సీటీ ఉన్న దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్ళాలి." సిటీ న్యూరాలజిస్టులు కొందరు 8, 9 వేస్తారు, ఎందుకంటే తొందరగా స్కాన్ తొందరగా మందు అనేది వాళ్ళకి ఒంట పట్టిన సూత్రం. జిల్లాలో పనిచేసే మెడికల్ ఆఫీసర్ 3 వేసి కింద కారణం రాస్తారు: మెషిన్ ఉంది గానీ రాత్రి తొమ్మిది తర్వాత టెక్నీషియన్ ఉండడు, ఫోన్ చేసి ఇంటి నుంచి రప్పించేసరికి గంట. ఇంకొకరు: స్కాన్ తీస్తాం, చదివేవాళ్ళు లేరు. ఇంకొకరు: టీపీఏ స్టాకే లేదు, అంత ఖరీదు మందు ఎప్పుడో ఒకసారి వాడతామని తెచ్చి పెడితే ఎక్స్‌పైరీ అయిపోతుంది. 108 బండిలో పేషెంట్‌ని చూసుకునే టెక్నీషియన్, అంటే ఈఎంటీ: ఒక ఆసుపత్రిలో దించాక మళ్ళీ అక్కడి నుంచి వైజాగ్‌కి ఇంకో బండి దొరికేదాకా పేషెంట్ అక్కడే. ఈ కామెంట్లు పేర్లు లేకుండా అందరి దగ్గరికీ వెళ్తాయి. రెండో రౌండ్‌కి వాక్యం మారుతుంది: "24 గంటలూ సీటీ తీసి చదివే ఏర్పాటు, టీపీఏ స్టాక్, ఫోన్‌లో న్యూరాలజిస్ట్ అందుబాటు, ఈ మూడూ ఉన్నాయని ముందే గుర్తించిన ఆసుపత్రి దారిలో ఉంటే అక్కడ ఆపాలి, లేకపోతే అలాంటి ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలి, బయల్దేరిన వెంటనే ముందుగా ఫోన్ చెయ్యాలి." వాక్యం పొడుగైంది, అందం పోయింది, కానీ దీన్ని ఒక 108 పైలట్ వాడగలడు. మొదటి వాక్యాన్ని పట్టుకుని నడిస్తే పేషెంట్ ఒక మూసి ఉన్న స్కానింగ్ రూమ్ బయట స్ట్రెచర్ మీద ఉండేవాడు.

దీని మీద ట్రయల్ అసలు లేకపోలేదు. స్పెయిన్‌లో కాటలోనియాలో రేస్‌క్యాట్ అనే ట్రయల్ 2022లో వచ్చింది, పెద్ద నాళం మూసుకుపోయిందని అంబులెన్స్ వాళ్ళు అనుమానించిన 1401 మందిని కొందరిని దగ్గరి స్ట్రోక్ సెంటర్‌కీ కొందరిని నేరుగా థ్రాంబెక్టమీ చేసే దూరపు సెంటర్‌కీ పంపారు, మూడు నెలల తర్వాత రెండు గ్రూపుల మధ్యా పెద్ద తేడా లేదు. సరే, తేడా లేదు కదా, ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు అని ఇక్కడ కూడా రాసేయొచ్చా? కుదరదు. అక్కడి దగ్గరి సెంటర్ అంటే టీపీఏ ఇవ్వగలిగిన, దానికి అలవాటు పడ్డ సెంటర్, అక్కడి నుంచి పెద్ద సెంటర్‌కి మార్చే బండి ఒక వ్యవస్థలో భాగం. గ్రేడ్ పద్ధతిలో దీనికి ఇండైరెక్ట్‌నెస్ అని పేరుపెట్టి ఆధారం స్థాయిని ఒక మెట్టు దించమంటారు, అంటే ట్రయల్ మంచిదే గానీ మన ప్రశ్నకి నేరుగా సంబంధించింది కాదు అని. విదేశీ గైడ్‌లైన్‌ని యథాతథంగా తెచ్చుకున్నప్పుడు ఎక్కువగా జారిపోయేది ఈ మెట్టే. పాడేరు నుంచి ఘాట్ దిగి వైజాగ్ రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే, అంతకు ముందు కొండ మీద ఊరి నుంచి రోడ్డు దాకా డోలీ మోసుకొచ్చిన టైమ్ ఉంటుంది, ఏ గైడ్‌లైన్ టేబుల్‌లోనూ డోలీకి గడి లేదు.

నిపుణులు ఏకాభిప్రాయంగా తప్పు చెప్పే అవకాశం ఉందా అంటే ఉంది, స్ట్రోక్‌లో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. పేషెంట్‌ని ఎంత తొందరగా మంచం దించి నడిపిస్తే అంత మంచిదని చాలా ఏళ్ళు చాలా స్ట్రోక్ యూనిట్లు గట్టిగా నమ్మాయి, మంచం పుళ్ళు రావు, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తగ్గుతుంది, వినడానికి న్యాయంగానే ఉంది. 2015లో అవర్ట్ ట్రయల్ ఫలితాలొచ్చాయి, అయిదు దేశాల్లో 2104 మంది. 24 గంటల లోపే ఎక్కువ సార్లు లేపి నడిపించిన వాళ్ళలో బాగా కోలుకున్నది 46 శాతం, మామూలు పద్ధతిలో చూసుకున్న వాళ్ళలో 50 శాతం. అంటే మంచిదనుకున్నది కొంచెం చెడే చేసింది. మన దేశంలోనే ఇంకోటి, ఫిజియోథెరపిస్టులు సరిపడా లేరు కాబట్టి ఇంట్లోవాళ్ళకే వ్యాయామాలు నేర్పి పంపిస్తే సరిపోతుందనే ఆలోచనని 14 ఆసుపత్రుల్లో 1250 మందితో అటెండ్ అనే ట్రయల్‌గా చేశారు, 2017లో లాన్సెట్‌లో వచ్చింది, ఆరు నెలలకి రెండు గ్రూపుల్లోనూ చనిపోయిన లేదా ఇంకొకరి మీద ఆధారపడ్డ వాళ్ళు 47 శాతం, తేడా ఏమీ లేదు. ఆ ట్రయల్ చెయ్యకపోయి ఉంటే "కుటుంబమే థెరపిస్ట్" అనే వాక్యం ప్రతి గైడ్‌లైన్‌లోనూ ఏకాభిప్రాయంతో ఎక్కేసేది, ఎందుకంటే ఎవరికీ దాన్ని కాదనాలనిపించదు. మంచి మాటలాగా వినిపించే వాక్యం దగ్గరే ప్యానెల్ ఎక్కువ ఆగాలి.

నిపుణులంతా ఒక మాట మీద ఉంటారనేది కూడా అపోహే. టీపీఏ మీదే చూస్తే అమెరికాలో న్యూరాలజిస్టులు దాన్ని గట్టిగా సమర్థిస్తుంటే ఎమర్జెన్సీ డాక్టర్లలో చాలామంది బ్లీడింగ్ రిస్క్ గురించి పట్టుబట్టారు, వాళ్ళ సంఘం 2013లో 3 గంటల లోపు టీపీఏకి పై స్థాయి సిఫారసు ఇచ్చి, సభ్యుల నుంచి వ్యతిరేకత వచ్చాక మళ్ళీ కూర్చుని 2015లో ఒక మెట్టు దించింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018 జనవరిలో కొత్త స్ట్రోక్ గైడ్‌లైన్ విడుదల చేసి కొన్ని నెలలు తిరక్కుండానే అందులో కొన్ని సెక్షన్లు వెనక్కి తీసుకుంది, సరిచేసి 2019లో మళ్ళీ వేసింది. ఇవి చూసి గైడ్‌లైన్లు నమ్మకూడదు అనుకోవడం సరికాదు, అభ్యంతరం చెప్పే దారి ఉంది, చెప్తే విన్నారు, మార్చారు, అది ఆ వ్యవస్థ ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. మందు కంపెనీల నుంచి, క్యాథెటర్ కంపెనీల నుంచి డబ్బు తీసుకున్న వాళ్ళు ఆ విషయం ముందే రాసివ్వాలి, ఆ వాక్యం మీద ఓటు వెయ్యకూడదు, ఇందులో మొహమాటాలకి తావు ఇవ్వకూడదు.

డోసు సంగతి చూస్తే దేశానికి దేశానికీ మధ్య ఏకాభిప్రాయం ఎలా విడిపోతుందో తెలుస్తుంది. ప్రపంచమంతా టీపీఏ కిలోకి 0.9 మి.గ్రా. అంటే జపాన్ 0.6 మి.గ్రా. చాలంది, తమ వాళ్ళ మీద చేసిన స్టడీ చూసుకుని. డబ్బు ఇబ్బంది ఉన్న దేశాల్లో కూడా తక్కువ డోసు మీద ఆశ ఎక్కువ, సీసా తగ్గితే ఖర్చు తగ్గుతుంది కదా. 2016లో ఎన్‌చాంటెడ్ ట్రయల్ 3310 మందిలో రెండు డోసుల్నీ పోల్చింది, తక్కువ డోసులో బ్లీడింగ్ తగ్గింది గానీ చావు, వైకల్యం విషయంలో మామూలు డోసుకి తీసిపోదని నిరూపించలేకపోయింది. ఇప్పుడు గడ్డని కరిగించే ఇంకో మందు టెనెక్టెప్లేజ్ వచ్చింది, గంటసేపు ఎక్కించక్కర్లేదు, ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోతుంది, జిల్లా ఆసుపత్రికి, అంబులెన్స్‌లో మార్చాల్సిన పేషెంట్‌కి ఇది నిజంగా వరం. విదేశీ ట్రయల్స్‌లో ఎక్కువగా వాడింది కిలోకి 0.25 మి.గ్రా., మన దేశంలో తయారైన టెనెక్టెప్లేజ్‌కి స్ట్రోక్‌లో అనుమతి వచ్చింది 0.2 మి.గ్రా. మీద. రెండు అంకెలూ క్యాజువాలిటీలో తిరుగుతుంటే రాత్రి రెండు గంటలకి పీజీ ఏది వాడాలి? ఇలాంటివి ప్రతి డాక్టర్ ఇష్టానికి వదిలెయ్యకుండా ఒక ఊళ్ళో అన్ని ఆసుపత్రులూ కలిసి తేల్చుకోవాల్సిన విషయాలు, తేల్చుకుని ఎందుకలా తేల్చారో రాసిపెట్టాల్సినవి.

వైజాగ్‌లో అలాంటి ప్యానెల్ వెయ్యడానికి కావాల్సినంత మంది ఉన్నారు. 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, కేజీహెచ్ ఉంది, విమ్స్ ఉంది, ప్రైవేట్‌లో న్యూరాలజిస్టులూ, క్యాథెటర్ పంపి చేసే పనులకి క్యాథ్ ల్యాబులూ ఉన్నాయి, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచీ ఒడిశా కోరాపుట్ వైపు నుంచీ కూడా పేషెంట్లు ఇక్కడికే వస్తారు. కానీ ప్యానెల్ అంటే న్యూరాలజిస్టుల లిస్ట్ మాత్రమే అయితే సగం ప్రశ్నలు అసలు పుట్టవు. 108 ఈఎంటీ ఉండాలి, సీటీ టెక్నీషియన్ ఉండాలి, రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్స్ ఉండాలి, ఏజెన్సీ పీహెచ్‌సీలో పనిచేసిన డాక్టర్ ఉండాలి, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ పేషెంట్‌కి ఏది వర్తిస్తుందో తాలూకు వాళ్ళకి రోజూ చెప్పే ఆరోగ్యమిత్ర ఉండాలి, ఫిజియోథెరపిస్ట్ ఉండాలి. స్ట్రోక్ వచ్చి బతికిన మనిషి, వాళ్ళని ఇంట్లో చూసుకున్న మనిషి ఉండాలి, వీళ్ళని పేరుకి ఒకర్ని కూర్చోబెడితే సరిపోదు, ఓటు ఉండాలి. ఏ ఫలితం ముఖ్యం అని అడిగితే డాక్టర్ మూడు నెలల తర్వాతి వైకల్యం స్కోరు చెప్తారు, ఇంట్లోవాళ్ళు మాట వస్తుందా, బాత్రూమ్‌కి తనంతట తను వెళ్ళగలడా, షిప్‌యార్డ్‌లోనో స్టీల్ ప్లాంట్‌లోనో చేసే పనికి మళ్ళీ పోగలడా అని అడుగుతారు. రెండూ ఒకటి కాదు.

అలాంటి ప్యానెల్ మొదట తేల్చాల్సింది, ఎవరూ గొప్పగా చూడని ఒక విషయం: ఊళ్ళో జరిగే మొదటి గంట. మూతి వంకర పోగానే చాలా చోట్ల నాటు మందు, పసరు, పావురం రక్తం రాయడం, లేదా దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర బీపీ చూపించుకోవడం. ఆర్‌ఎంపీ బీపీ 190 చూసి కంగారుపడి ఒక మాత్ర నాలుక కింద పెడతాడు, సెలైన్ పెడతాడు, కొంచెం తగ్గాక తీసుకెళ్ళండి అంటాడు. గడ్డ అడ్డం పడ్డ స్ట్రోక్‌లో బీపీ పెరగడం చాలాసార్లు మెదడు తనకి రక్తం లాక్కోవడానికి చేసే ప్రయత్నమే, దాన్ని ఒక్కసారిగా పడగొడితే అంచున బతికున్న భాగం కూడా పోతుంది. టీపీఏ ఇవ్వాలంటే 185/110 కంటే తక్కువకి తేవాలి, ఇవ్వనప్పుడు 220/120 దాటితే తప్ప మొదటి రోజు తొందరపడి తగ్గించే పని లేదు, ఇదీ ఇన్నాళ్ళూ గైడ్‌లైన్లు చెప్తున్నది. చైనాలో అంబులెన్స్‌లోనే బీపీ తగ్గించి చూసిన ఇంటరాక్ట్-4 ట్రయల్, 2404 మంది, 2024లో వచ్చింది: మెదడులో రక్తం కారిన వాళ్ళకి మేలు జరిగింది, గడ్డ రకం వాళ్ళకి కీడు జరిగింది, మొత్తం కలిపితే సున్నా. స్కాన్‌కి ముందు ఏ రకమో తెలీదు కాబట్టి ఊళ్ళో బీపీ మాత్ర వద్దు, ఆస్పిరిన్ కూడా వద్దు, నోటి ద్వారా నీళ్ళు కూడా వద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. టైమ్ రాసుకుని బండి ఎక్కించండి, అంతే. ఈ నాలుగు ముక్కలకి థ్రాంబెక్టమీ మీద రాసే నలభై పేజీల కంటే ఇక్కడ ఎక్కువ మంది బాగుపడతారు, ఇది ఏకాభిప్రాయం కుదరడానికి కూడా చాలా తేలికైన వాక్యం, కానీ దీన్ని ఆర్‌ఎంపీల దాకా, ఆశా వర్కర్ల దాకా తీసుకెళ్ళే పని ఎవరిది అనేది కూడా ఆ పేపర్‌లోనే రాయాలి.

న్యూరాలజిస్ట్ లేని చోట మందు ఇవ్వొచ్చా అనేది రెండో పెద్ద ప్రశ్న. హిమాచల్ ప్రదేశ్‌లో కొండ జిల్లాల్లో దీన్ని చేసి చూశారు, సీటీ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లో మామూలు ఫిజీషియన్లకి ట్రైనింగ్ ఇచ్చి, స్కాన్ ఫోటోలు ఫోన్‌లో పంపిస్తే పెద్దాసుపత్రి న్యూరాలజిస్ట్ చూసి చెప్పేవాళ్ళు, టీపీఏ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. ఘాట్ రోడ్ల సంగతి తెలిసిన ఉత్తరాంధ్రకి కాటలోనియా కంటే హిమాచల్ దగ్గర. పేషెంట్ల సంఖ్య తక్కువ కాబట్టి గట్టి ఆధారం అని చెప్పలేం, కానీ ఇండైరెక్ట్‌నెస్ తక్కువ, ప్యానెల్ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి తూచాలి.

పేపర్ అచ్చయ్యాక పని అయిపోయినట్టు కాదు. ఆసుపత్రి గుమ్మం తొక్కిన దగ్గర్నుంచి ఇంజెక్షన్ పడేదాకా 60 నిమిషాల లోపు అనేది ప్రపంచమంతా వాడే కొలత, అది నెలనెలా రాసి చూసుకోకపోతే సిఫారసు పాటిస్తున్నారో లేదో ఎవరికీ తెలీదు. ఇంకోటి గడువు. ఆస్ట్రేలియాలో స్ట్రోక్ గైడ్‌లైన్‌ని కొన్నేళ్ళుగా లివింగ్ గైడ్‌లైన్‌గా నడుపుతున్నారు, కొత్త ట్రయల్ వస్తే మొత్తం పుస్తకం మళ్ళీ రాసేదాకా ఆగకుండా ఆ ఒక్క సిఫారసే మారుస్తారు. ఇక్కడ అంత వ్యవస్థ వెంటనే కుదరకపోవచ్చు, కనీసం ప్రతి వాక్యం కింద ఎప్పుడు రాశారు, ఎన్ని ఓట్లు, ఎవరు ఏ కారణంతో ఒప్పుకోలేదు, ఏ ట్రయల్ వస్తే ఇది మారుతుంది, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అనే అయిదు వివరాలు ఉంటే చాలు. మారినప్పుడు ఆ మార్పు వాట్సాప్ గ్రూప్‌లో ఒక పీడీఎఫ్‌గా పడేసి వదిలెయ్యకుండా, క్యాజువాలిటీ గోడ మీద అంటించిన పాత డోసు చార్ట్‌ని ఎవరు చింపి కొత్తది అంటిస్తారో ఆ మనిషి హోదా కూడా రాయాలి, ఎందుకంటే రాత్రిపూట డ్యూటీ డాక్టర్ చూసేది ఆ గోడనే.